కార్జపు జలగలు: మందు ఎప్పుడు వేయాలి, నత్తను ఎట్లా ఆపాలి



ఈ నెల రోజుల నుంచి నాకు వస్తున్న ఫోన్లలో చాలా వరకు ఒకే రకం. "అన్నా, బర్రె మేత తింటనే ఉన్నది, కానీ బొక్కలు తేలుతున్నయి. పాలు సగానికి పడ్డయి. దవడ కింద నీళ్ల సంచి లెక్క వేలాడుతున్నది. ఏం కషాయం పొయ్యాలె?" అడిగిన వాళ్లలో ఎక్కువ మంది చెరువు శిఖంలోనో, కాలువ గట్ల మీదనో పశువుల్ని మేపేవాళ్లు. నెల చూస్తే మాఘం. ఈ మూడూ కలిసినప్పుడు నా అనుమానం ముందుగా కార్జపు జలగ మీదికే పోతుంది. పెండ పరీక్ష ఎట్లా చేయాలో వీడియోలో చూపించాను. వీడియోలో టైం చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్తాను, కొంతమందికి నచ్చకపోవచ్చు. కార్జంలోకి చేరిపోయిన జలగకు కషాయాలు పోస్తూ కూర్చుంటే పశువు దక్కదు. అట్లా అని ఏటా మందు తాగించి ఊరుకుంటే జలగ పోదు, మళ్లీ అదే చెరువు దగ్గర ఎక్కుతుంది. లోపల ఉన్నదానికి మందు కావాలి, బయట ఉన్నదానికి మన ప్రకృతి వ్యవసాయం పద్ధతులు కావాలి. రెండోది చేయడంలో మనకున్న సౌకర్యం మామూలు డెయిరీ వాళ్లకు కూడా లేదు. ఒక్క జాగ్రత్త తప్పితే మాత్రం మన జీవామృతమే జలగ గుడ్లను మడిలోకి మోసుకుపోతుంది. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను.

పేరు చూసి మోసపోవద్దు

మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు, మేం కాక అని పిలుస్తాం. రెండు బర్రెలు, రెండు ఆవులు. డాక్టరు జలగ రోగం అన్నారని తెలిసి నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, మా కుంటల జలగలే లేవు. కాళ్లకు ఒక్కటన్న పట్టలే. ఈ రోగమెట్లొచ్చె?" అన్నారు.

"కాకా, కాళ్లకు పట్టే జలగ వేరు, ఇది వేరు. దీన్ని పశువు నీళ్లల్ల మింగదు, గడ్డితోని మింగుతది" అన్నాను.

"గడ్డి మీద జలగ ఉంటదా?"

ఉండదు. అందుకే ఈ పేరుతో చిక్కు. కార్జపు జలగ నిజానికి ఆకులా చదునుగా ఉండే పురుగు. మన దేశంలో ఎక్కువగా కనిపించే జాతి పేరు ఫాసియోలా జైగాంటికా. పెద్దది రెండున్నర సెంటీమీటర్ల నుంచి ఏడున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కాబోల్డ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని మొదట ఒక జిరాఫీ కార్జంలో చూసి పేరు పెట్టాడు. మన దగ్గర చూడాలంటే మటన్ కొట్టే వాళ్లను అడగండి. కార్జం కోసినప్పుడు గొట్టాల్లోంచి ఆకుల్లాంటివి జారితే ఆ ముక్క పక్కన పడేస్తారు. వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

దీని బతుకు దారి తెలిస్తేనే ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది, కొంచెం ఓపిగ్గా చదవండి. జలగ కార్జంలోని పిత్త నాళాల్లో ఉండి గుడ్లు పెడుతుంది. రోజుకు వేలల్లో. ఆ గుడ్లు పెండతో బయటికి వస్తాయి. పెండ ఎండిపోతే గుడ్డు చస్తుంది. పెండ నీళ్లలో పడి కరిగిపోతే రెండు మూడు వారాల్లో గుడ్డు పగిలి కంటికి కనపడని పిల్ల బయటికి వస్తుంది. ఆ పిల్లకు ఒక్క రోజే గడువు. ఇరవై నాలుగు గంటల్లోపు తనకు కావాల్సిన నత్త దొరికితే అందులోకి దూరుతుంది, దొరక్కపోతే చస్తుంది. దూరిందంటే సుమారు రెండు నెలల్లో ఆ ఒక్కటి వందలుగా మారుతుంది. తోకలున్న ఆ పిల్లలు నత్తలోంచి బయటపడి, ఈదుకుంటూ పోయి, నీటి అంచున ఉన్న గడ్డి కాడకు, వరి దుబ్బు మొదలుకు అతుక్కుని, తోక వదిలేసి చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటాయి. ఆవగింజలో పదో వంతు ఉంటుంది ఆ తిత్తి. పశువు మింగేది దీన్నే.

కడుపులోకి పోయాక తిత్తి విడిపోతుంది. పిల్ల జలగ పేగు గోడను చీల్చుకుని, పొట్ట ఖాళీలోంచి నడిచి కార్జం చేరుతుంది. రెండు మూడు నెలలు కార్జం కండను తొలుచుకుంటూ తిరిగి చివరికి పిత్త నాళంలో స్థిరపడుతుంది. మింగిన రోజు నుంచి పెండలో గుడ్లు కనిపించే రోజు దాకా మూడు నుంచి నాలుగు నెలలు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మందు దగ్గర పనికొస్తుంది. వానాకాలంలో నత్తలు పెరుగుతాయి, దసరా దీపావళి నాటికి తిత్తులు గడ్డికి పడతాయి, వరి కోతల తర్వాత శిఖం ఆరుతుంటే పశువులు ఆ పచ్చగడ్డి మీదికి దిగుతాయి, సంక్రాంతి దాటాక జబ్బు బయటపడుతుంది. మిషన్ కాకతీయలో పూడిక తీశాక మా వైపు చాలా చెరువుల్లో నీళ్లు ఎండాకాలం దాకా ఉంటున్నాయి. మనకు సంతోషమే. నత్తకు కూడా సంతోషమే.

దవడ కింద వాపు ఉంటే అంతా జలగేనా?

కాదు. ఇక్కడే చాలామంది తొందరపడుతున్నారు. గొంతువాపు వ్యాధిలో కూడా దవడ కింద, గొంతు దగ్గర వాస్తుంది. కానీ అది హఠాత్తుగా వస్తుంది, ఒళ్లు కాలిపోయే జ్వరం ఉంటుంది, వాపు వేడిగా ఉండి ముట్టుకుంటే పశువు ఓర్చుకోదు, గురక పెడుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అది అత్యవసరం, ఈ వ్యాసం చదవడం ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. జలగ వాపు మెత్తగా, చల్లగా ఉంటుంది. వేలితో నొక్కితే గుంట పడి నెమ్మదిగా నిండుతుంది. జ్వరం ఉండదు. తల వంచి రోజంతా మేసి వచ్చాక ఎక్కువగా, పొద్దున కొంచెం తగ్గి కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. తీగ ముక్కో మేకో మింగి అది గుండె దాకా గుచ్చుకున్న పశువుకు కూడా దవడ కింద, బోర దగ్గర నీరు దిగుతుంది. దానికి మెడ పక్క నరం తాడులా ఉబ్బి కనిపిస్తుంది, నడవడానికి, వాలు దిగడానికి పశువు భయపడుతుంది. దానికి జలగ మందు వేసి లాభం లేదు.

జలగ పట్టిన పశువుకు కంటి కింది రెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటుంది. పురుగు రక్తం తాగుతుంది, కార్జం దెబ్బతిని రక్తంలో మాంసకృత్తులు తగ్గుతాయి, అందుకే నీరు దిగుతుంది. పెండ కొన్నాళ్లు జారుగా, కొన్నాళ్లు మామూలుగా ఉంటుంది. వెంట్రుకలు నిక్కి, తోలు బొక్కలకు అతుక్కుంటుంది. ఎదకు రాదు, వచ్చినా నిలవదు. వాపు రాని పశువులు ఎక్కువ, వచ్చేవి తక్కువ. పాలు లీటరు, లీటరున్నర తగ్గి "దాణా సరిపోతలేదేమో" అని మనం చెక్క పెంచుతూ పోయే పశువులే మనల్ని ఎక్కువ ముంచుతాయి. గొర్రెల్లో అయితే కథ వేరు, పిల్ల జలగలు ఒకేసారి చాలా పడితే ఏ గుర్తూ లేకుండా రాత్రికి రాత్రి చస్తాయి.

కాక చేసిందేమిటంటే, వాపు చూసి మొదట వేపాకు, పసుపు, వాయువిడంగాల కషాయం పోశారు. ఇరవై రోజులు. తగ్గకపోతే ఒక మందుల షాపులో అడిగితే "పురుగుల ఇంజెక్షన్" అని ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. అది వేసి ఇంకో పదిహేను రోజులు చూశారు. ఆ ముప్పై అయిదు రోజుల్లో చిన్న బర్రె లేవలేని స్థితికి వచ్చింది. పెద్దది దక్కింది, చిన్నది దక్కలేదు. ఇది ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందే, దాన్ని కనిపెట్టిన వాళ్లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండ్రటి పురుగులకు, పిడుదులకు, గజ్జికి అది పనిచేస్తుంది. చదును పురుగైన జలగను అది ఏమీ చేయదు. పైగా ఆ మందు పెండలో బయటికి వచ్చి పెండ పురుగులను దెబ్బతీస్తుంది. మన నేలకు పని చేసి పెట్టే పురుగులవి. అవసరం లేని చోట ఎందుకు పొడిపించడం?

మూలికల సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్తాను. మోదుగ గింజలు, వాయువిడంగాలు, పోకచెక్క మన పెద్దలు వాడినవే. కానీ వాళ్లు వాడింది పేగుల్లో ఉండే ఏలికపాములకు, బద్దె పురుగులకు. అక్కడ మందు నేరుగా పురుగు మీద పడుతుంది. జలగ ఉండేది కార్జం లోపల. మనం గొట్టంతో పోసిన కషాయం అక్కడికి అదే బలంతో చేరదు. దూడలకు ఏలికపాముల కోసం నేను ఇప్పటికీ మోదుగ గింజల పొడి వాడతాను. జలగకు వాడను.

పెండ పరీక్ష

దవాఖానలో చేయించుకోవచ్చు, డబ్బు పెద్దగా కాదు. మేం ఆరుగురు రైతులం కలిసి కాలేజీ పిల్లలు వాడే మైక్రోస్కోపు ఒకటి కొన్నాం, దాంతో ఇంట్లోనే చూస్తున్నాం. జలగ గుడ్డు బరువైనది, నీటిలో అడుగుకు దిగుతుంది. గుండ్రటి పురుగుల గుడ్లకు చేసినట్టు ఉప్పు నీళ్లలో తేలించి చూస్తే ఇది దొరకదు. వీడియోలో చూపినట్టు, నిమ్మకాయంత పెండను నీళ్లలో కలిపి టీ జాలీతో వడకట్టి, గ్లాసులో అయిదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. పై నీళ్లు మెల్లగా ఒంపేసి మళ్లీ మంచినీళ్లు పోయాలి. నీళ్లు తేటగా అయ్యే దాకా నాలుగైదు సార్లు ఇట్లాగే. అడుగున మిగిలిన దానిలో ఒక చుక్క మెథిలీన్ బ్లూ వేస్తే చెత్త నీలంగా మారుతుంది, జలగ గుడ్డు మాత్రం పసుపు బంగారం రంగులో అట్లాగే ఉంటుంది. పిత్తం అంటిన రంగు అది. అదే ఆకారంలో ఉండి రంగు లేకుండా గాజులా కనిపిస్తే అది పొట్ట జలగ గుడ్డు, దాని గురించి తర్వాత రాస్తాను.

గుడ్డు కనపడితే జలగ ఉన్నట్టే. కనపడకపోతే లేనట్టు కాదు. మూడు నాలుగు నెలల లెక్క గుర్తుంది కదా, పిల్ల జలగలు కార్జాన్ని తొలుస్తున్న కాలంలో గుడ్లే ఉండవు. అందుకే మంద మొత్తంలో అయిదారు పశువుల పెండ చూడాలి, ఒక్కదాంతో తేల్చొద్దు.

ఏ మందు, ఎంత

మందు పేరు డాక్టరు రాయాలి. నేను డిప్లొమా చదివినవాణ్ణి, అదీ వ్యవసాయం, పశువైద్యుణ్ణి కాదు. అయినా మీ చేతిలో ఉన్న సీసా దేన్ని చంపుతుందో మీకు తెలియాలి. ఆక్సిక్లోజనైడ్, ఆల్బెండజోల్ పెద్ద జలగలనే చంపుతాయి. రఫోక్సనైడ్, క్లోసాంటెల్ ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు దాటిన వాటిని కూడా పట్టుకుంటాయి. ట్రైక్లాబెండజోల్ ఒకటి రెండు వారాల పిల్ల జలగల నుంచి పెద్దవాటి దాకా చంపుతుంది. కాబట్టి దవడ వాపుతో కష్టంలో ఉన్న పశువుకు ఒకటి, ఏటా ముందు జాగ్రత్తగా వేసేదానికి ఇంకొకటి అవుతుంది. పెద్దవాటినే చంపే మందు వేస్తే, ఆ రోజు పిల్లలుగా ఉన్నవి పెరిగి పెద్దవవుతాయి. ఎనిమిది పది వారాలకు మళ్లీ వేయాల్సి వస్తుంది.

డోసు కంటితో అంచనా వేయకండి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు కొస నుంచి పిరుదు కొస దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే 273 కిలోలు. ఆక్సిక్లోజనైడ్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే ఆ ఆవుకు 2.7 నుంచి 4 గ్రాములు. ట్రైక్లాబెండజోల్ కిలోకు 12 మిల్లీగ్రాముల లెక్కన సుమారు 3.3 గ్రాములు. తక్కువ వేస్తే జలగ చావదు, మందుకు అలవాటు పడుతుంది. ఆస్ట్రేలియాలో ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు 1995లోనే బయటపడ్డాయి. ఎక్కువ వేసినా ప్రమాదమే, రఫోక్సనైడ్, క్లోసాంటెల్ మోతాదు మించితే చూపు పోతుంది, మేకలు గొర్రెల విషయంలో మరీ జాగ్రత్త. ఆల్బెండజోల్ చూడి మొదటి నెలన్నరలో వేయకూడదు. పశువు చూడిదా, పాలిస్తున్నదా అని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

పాల సంగతి. జలగ పాల ద్వారా మనుషులకు రాదు, ఆ భయం వద్దు. మందు అవశేషం మాత్రం వస్తుంది. లేబుల్ మీద ఎన్ని రోజులు పాలు వాడొద్దని ఉంటే అన్ని రోజులు అమ్మకూడదు. కొన్ని మందులు పాడి పశువుకు అసలు వేయొద్దని ఉంటుంది, వాటిని పశువు వట్టిపోయిన కాలంలో వేసుకోవాలి. "మందు వేస్తే మన పాలు సేంద్రియం కాకుండా పోతాయి కదా" అని ఒక సోదరుడు అడిగారు. సేంద్రియ పశుపోషణ ప్రమాణాలు జబ్బు పశువుకు వైద్యం ఆపమని చెప్పవు. వేరే దారి లేనప్పుడు అల్లోపతి మందు వాడొచ్చు, పాలు ఆపే గడువు మామూలు దానికి రెట్టింపు పాటించాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు రిజిస్టరులో రాసి, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పండి. మేం హన్మకొండలో పాలు పోసే ఇళ్ల వాళ్లకు కూడా చెప్పేస్తాం: ఈ ఆవు పాలు ఇన్ని రోజులు రావు అని. ఒక్క ఇల్లు కూడా మానలేదు.

మందు వేసిన మూడు నాలుగు వారాలకు మళ్లీ పెండ చూడండి. వారం లోపే చూసి "మందు పని చేయలేదు" అనొద్దు, పిత్తాశయంలో మిగిలిన పాత గుడ్లు కొన్నాళ్లు వస్తూనే ఉంటాయి. ఈ లోపల పల్లి చెక్క, పచ్చి జొన్న, అవిసె ఆకు, ఖనిజ లవణాలు బాగా పెట్టాలి. కార్జం కోలుకోవడానికి టైం పడుతుంది. ఇక్కడ మీ కషాయాలు, నేల ఉసిరి లాంటివి డాక్టరును అడిగి పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

మన జీవామృతం సంగతి

ఇది మనవాళ్లు ఎవరూ మాట్లాడని విషయం. జీవామృతంలో 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పచ్చి పెండ వేస్తాం. జలగ పట్టిన ఆవు పెండలో గ్రాముకు 5 గుడ్లే అనుకుందాం. 10 కిలోలకు 50,000 గుడ్లు. వాటిని రెండు మూడు రోజులు నీళ్లలో కలిపి, గుడ్డతో వడకట్టి, నీళ్లు నిలిచిన వరి మడిలోకి పారబోస్తున్నాం. గుడ్డు మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు, గుడ్డలోంచి హాయిగా జారుతుంది. తడి పెండలో వారాల తరబడి బతికే గుడ్డు అది, రెండు మూడు రోజుల పులియబెట్టడాన్ని నమ్ముకుని నేను ఊరుకోను. మడిలో నత్త ఉంటే దానికి కావాల్సిందంతా మనమే తెచ్చి ఇచ్చినట్టు.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. 14 ఆవుల్లో పరీక్షలో శుభ్రంగా ఉన్నవాటి పెండే వరి మడికి పోయే జీవామృతంలో వాడతాం. గుడ్లు కనిపించిన ఆవు పెండ, మందు వేసి మళ్లీ పరీక్షలో బాగుందని తేలే దాకా, వేడెక్కే ఎరువు కుప్పకు పోతుంది. బాగా కాగిన కుప్పలో గుడ్డు బతకదు. ఘన జీవామృతం అయితే నీడన పూర్తిగా ఎండబెట్టి పొడి చేస్తాం కనుక ఇబ్బంది లేదు, లోపల తడి ఉండకుండా చూసుకోవాలి. కూరగాయలకు, మామిడికి, నీళ్లు నిలవని మెట్ట చేనుకు పోసే జీవామృతంతో ఈ భయం లేదు, నత్త లేని చోట గుడ్డు ఏమీ చేయలేదు. మేం ఘన జీవామృతం అమ్ముతాం. నా కొట్టంలోని పెండ ఇంకొకరి మడిలోకి పోతుంది. వాళ్ల బర్రెకు నా కొట్టం నుంచి జలగ పోకూడదు కదా.

కొట్టం కడిగిన నీళ్లు కూడా నేరుగా మడిలోకి, కాలువలోకి వదలొద్దు. అరటి చెట్ల మొదట్లోకో గుంత కుప్పలోకో మళ్లించండి. ఇండోనేషియాలోని జావాలో వరి రైతుల ఊళ్లలో పరిశోధకులు ఇదే చూశారు. పశువుల కొట్టాల మురుగు పారే, ఊరికి దగ్గరి మడుల్లోనే జలగ బెడద ఎక్కువ. వాళ్లు సూచించిన పనులు మనకూ అతికినట్టు సరిపోతాయి. వరి కోశాక పచ్చి గడ్డి పెట్టాల్సి వస్తే నీళ్లలో మునిగిన కింది భాగం వదిలేసి పై భాగమే పెట్టడం ఒకటి. కోసిన గడ్డిని మూడు రోజులు ఎండలో ఆరబెట్టి పెట్టడం ఇంకొకటి. ఇంకో చిత్రమైనది బాతులు. బాతులు నత్తల్ని తింటాయని మనకు తెలుసు. వాళ్లు ఇంకో అడుగు ముందుకు పోయారు. బాతు పేగుల్లో ఉండే ఒక జాతి పురుగు పిల్లలు కూడా అదే నత్తలోకి దూరతాయి, దూరి అక్కడున్న కార్జపు జలగ పిల్లల్ని తినేస్తాయి. అందుకే బాతుల గూడును పశువుల మురుగు మడిలో కలిసే చోట పెట్టించారు, రెండు పెంటలూ ఒకే దారిలో పోయేట్టు. రసాయనం లేకుండా పురుగు మీదికి పురుగును తోలడం అంటే ఇదే.

మేం రెండెకరాల మడిలో 20 బాతుల్ని నాటు వేసిన ఇరవై రోజులకు వదిలి, ఈనిక ముందు బయటికి తీస్తున్నాం. నత్త తగ్గింది, కలుపు కూడా తగ్గింది. కుక్కల బాధ ఉంది, రాత్రి గూట్లో పెట్టక తప్పదు. మైలుతుత్తం చల్లితే నత్తలు చస్తాయని పాత పుస్తకాల్లో ఉంటుంది. చేపలూ చస్తాయి. నేను వాడను.

ఏ నత్తను చూడాలి? చేతిలోకి తీసుకుని నోటి దగ్గర చూడండి. గట్టి మూత ఉండి ముట్టుకోగానే తలుపులా మూసుకునే పెద్ద గుల్ల నత్తలు కార్జపు జలగకు ఇల్లు కావు, వాటి జోలికి పోనక్కర్లేదు. మూత లేకుండా, పెంకు పల్చగా, నోరు చెవిలా వెడల్పుగా, మొన చిన్నగా ఉండేది లిమ్నియా. అదే మన లెక్కలో నత్త. నీళ్లు కదలని కాలువ మూలల్లో, నాచు పట్టిన ఆకుల కింద, బోరు దగ్గర తొట్టి పొంగి నిలిచిన మడుగులో ఉంటుంది. ఆ తొట్టి మడుగును సిమెంటు వేసి ఆరబెట్టండి, సగం పని అయినట్టే. వరికి తడి, ఆరుతడి పద్ధతిలో నీళ్లు పెట్టేవాళ్లకు నత్త సహజంగానే తక్కువ ఉంటుంది, ఎక్కువ రోజులు నీళ్లు లేకపోతే అది ఓర్వలేదు.

మేపు విషయంలో ఒక సలహా తరచూ వింటాం, మంచు ఆరాక మేపాలని. గుండ్రటి పురుగుల పిల్లలకు అది సరే, అవి తడిలో గడ్డి పైకి పాకి ఎండకు కిందికి దిగుతాయి. జలగ తిత్తి అతుక్కున్న చోటే ఉంటుంది, పొద్దున మేపినా మధ్యాహ్నం మేపినా ఒకటే. సమయం కాదు, జాగా మార్చాలి. నీళ్లు తగ్గుతున్నప్పుడు తేలే మొదటి పచ్చగడ్డి అంచు అన్నిటికంటే ప్రమాదం. మా ఊరి శిఖంలో మేం కొందరం కలిసి ఆ అంచు నుంచి ఇరవై గజాల దాకా సంక్రాంతి వరకు మేపొద్దని అనుకున్నాం. అందరూ పాటిస్తున్నారని చెప్పను. పాటించని వాళ్ల పశువులు కూడా మనవే కదా, అందుకే మందు మాత్రం అందరం ఒకే వారంలో వేయిస్తున్నాం. రోహిణి కార్తెలో ఒకసారి, వానలు పడేలోపు, గుడ్లు నీళ్లలోకి పోకుండా. సంక్రాంతి ముందర ఒకసారి. మధ్యలో పెండ పరీక్షను బట్టి.

పొట్ట జలగ, ముక్కు జలగ

రెండు ముక్కలే. చక్రంలా చుట్టుకుని చదునుగా ఉండే ఇండోప్లానార్బిస్ అనే నత్త వల్ల ఇవి వస్తాయి. పొట్ట జలగలు పెద్దవై పెద్ద పొట్టలో ఉన్నప్పుడు పెద్ద నష్టం చేయవు. పిల్లలుగా చిన్న పేగులో ఉన్నప్పుడు నీళ్లలా, భరించలేని వాసనతో పారుతుంది, దూడలు చస్తాయి, అప్పుడు పెండలో గుడ్లు కనపడవు. దీనికి ట్రైక్లాబెండజోల్ పని చేయదు, ఆక్సిక్లోజనైడ్ చేస్తుంది. ముక్కు జలగ గడ్డితో రాదు, నీళ్లలో దిగిన పశువు చర్మంలోంచి దూరుతుంది. ముక్కులో కాలీఫ్లవర్ లాంటి కండ పెరిగి గుర్రు గుర్రుమని చప్పుడు వస్తుంది, ఆవుల్లో ఎక్కువ. 1933లో దీనికి పేరు పెట్టింది మన దక్షిణాదిలో పనిచేసిన రావు అనే శాస్త్రవేత్తే. దీని వైద్యం వేరు, డాక్టరుకు చూపించాల్సిందే.

పెండ నమూనా దవాఖానకు తీసుకుపోయేటప్పుడు నేల మీద పడింది కాకుండా, పొద్దున వేసిన వెంటనే పైపొర నుంచి తీసుకోండి. ఒక్కో పశువుది వేరు డబ్బాలో, పేరు రాసి, అదే రోజు అందేట్టు. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి, గడ్డకట్టనివ్వొద్దు. పశువు నడవలేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఫోన్‌లో "వాపు" అని మాత్రమే చెప్పకండి. జ్వరం ఉందా, వాపు వేడిగా ఉందా చల్లగా ఉందా, ఎన్ని రోజుల నుంచి, ఎక్కడ మేసింది, ఇంతకుముందు ఏ ఇంజెక్షన్ వేశారు, ఇవి చెప్తే వాళ్లు సరైన మందు వెంట తెచ్చుకుంటారు.